జీలపుట్టుగకి తిన్నని గీత

కరెంటు ఇంజనీరు సోమేశ్వరరావు గారికి లోకంలో వంకరగా ఉన్నదేదీ సరిపడదు. టెక్కలిలో అద్దె ఇంట్లో దిగిన రోజున గోడకి వినాయకుడి పటం తగిలించడానికి రసమట్టం తెప్పించి, అందులో గాలిబుడగ నట్టనడుమకి వచ్చి నిలిచాకే సీల కొట్టారు. తీరా ఆ ఇల్లు పాతది, ఒక పక్కకి కుంగిపోయి ఉంది. గోడా, దూలమూ, గుమ్మమూ అన్నీ కలిసి ఒకవైపు వాలితే పటం ఒక్కటే తిన్నగా నిలబడింది. చూసేవాళ్ళకి మాత్రం వినాయకుడే ఒరిగిపోయినట్టు కనిపించేవాడు. వచ్చిన చుట్టాలెవరైనా పాపం అనుకుని లేచి సవరించబోతే, ఆయన కూర్చున్న చోటి నుంచే, "దాన్ని ముట్టుకోకండి. సరిచెయ్యవలసింది ఇంటిని" అనేవారు.

ఆయన అభిప్రాయాలు కూడా ఆ పటం మాదిరివే. సాయంత్రం రేడియోలో వార్తలయ్యాక అరుగు మీద ఇద్దరు మేష్టర్లూ, తాలూకాఫీసు గుమస్తా ఒకడూ చేరేవారు. అరవై ఏడు ఎన్నికలు అయిపోయి అప్పటికి ఆరు నెలలు. "ఓటంటే స్విచ్చి అనుకుంటున్నారు మీరంతా. నొక్కి ఇంటికి పోతున్నారు. తీగ ఎక్కడికి పోతోందో ఎవరైనా చూశారా?" అని అడిగేవారు. ఎవరూ చూడలేదు. విశాఖపట్నానికి ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందా అంటే, "వస్తుంది. మనం తుప్పు పట్టాక వస్తుంది" అనేవారు. కొండల్లో గిరిజనులకీ షావుకార్లకీ గొడవలు ముదురుతున్నాయని మేష్టరు గొంతు తగ్గించి చెబితే, "ఫ్యూజు పోయిందని తీగని తిడితే ఏం లాభమయ్యా? లోడు ఎవరు పెంచారో చూడండి" అనేవారు. ఇంత నిరాశలోనూ ఆయన నమ్మిన సంగతి ఒకటుంది. ఊరికి కరెంటొస్తే సగం అబద్ధాలు చస్తాయని. జనం చీకట్లో ఉన్నారు కాబట్టే ఎవరేం చెప్పినా నమ్ముతున్నారని ఆయన సిద్ధాంతం.

సెలవు రోజుల్లో గడియారాలు విప్పడం ఆయన సరదా. టెక్కలిలో ఆగిపోయిన ప్రతి గోడగడియారమూ కొన్నాళ్ళు ఆయన బల్ల మీద పడుకుని వెళ్ళింది. బిగించాక ప్రతిసారీ రెండో మూడో మరలు మిగిలేవి. "ఇవి అనవసరం. జర్మనీవాడు భయంకొద్దీ పెట్టాడు" అని వాటిని సీసాలో వేసేవారు. ఇంట్లో గడియారాలు ఐదున్నా ఆయన భార్య సావిత్రి గారు మాత్రం పలాస బస్సు హారను విని ఎసరు పెట్టేవారు.

అటువంటి మనిషికి, ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడనగా, జీలపుట్టుగ లైను శాంక్షనైంది.

జీలపుట్టుగ కవిటికి రెండున్నర మైళ్ళు. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఉంటుంది. తోటల్లో ఊరుందో, ఊళ్ళో తోటలున్నాయో చెప్పడం కష్టం. అది సావిత్రి గారి పుట్టిల్లు. ఆవిడ తమ్ముడు శేషగిరి ఆ ఊరికి కరణం. పెళ్ళైన కొత్తలో అత్తవారింట గుడ్డిదీపం వెలుగులో భోంచేస్తూ, కందిపొడి అనుకుని అగరొత్తుల నుసి కలుపుకున్న సోమేశ్వరరావు గారు, ఆ రాత్రే భార్యకి మాటిచ్చారు. "మీ ఊళ్ళో బల్బు వెలిగించేది నేనే చూడు." పాతికేళ్ళయింది. మాచ్‌ఖండ్ నుంచి మైలవరం దాకా ఎక్కడెక్కడో వెలిగించారు గానీ ఆ మాట మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఆఖరి పనిగా అది చేతికొచ్చింది. షరతు ఒకటే. మార్చి నెలాఖరులోగా స్తంభాలు లేవాలి. లేకపోతే ఆ స్తంభాలూ తీగా ఇంకో ఊరికి పోతాయి, ఆయన ఇంటికి పోతారు.

ఆయన స్వయంగా కొలతల దుర్భిణి, థియోడలైటు పెట్టి చూసి, కవిటి నుంచి జీలపుట్టుగ రచ్చబండ దాకా ఒకే ఒక్క తిన్నని గీత గీశారు. లైన్‌మన్ సూర్యం చేత గీత పొడుగునా అరవై గజాలకొకటి చొప్పున డెబ్భై కర్రమేకులు పాతించి, తలకాయలకి ఎర్రరంగు పూయించారు. మేకున్న చోట స్తంభం వస్తుంది. తీగ కింద పడే చెట్లు పోతాయి. లెక్క వేస్తే నలభై మూడు కొబ్బరిచెట్లు.

ఆ సంగతి చెప్పడానికి ఊరి జనాన్ని పోగుచేశారు. పంచాయతీ ప్రెసిడెంటు రామూర్తి కుర్చీ వేయించాడు. ఊరికి వెలుగొస్తోందని రామూర్తి ఉపన్యాసమిస్తుంటే అందరూ తలలూపారు. నలభై మూడు చెట్లు అనేసరికి ఆ తలలు ఆగిపోయాయి.

ఉద్దానంలో అప్పటి వాళ్ళకి కొబ్బరిచెట్టంటే కాపు ఒక్కటే కాదు. బిడ్డ పుట్టగానే బొడ్డు కోసి పాతిపెట్టి, దాని మీద కొబ్బరిమొక్క నాటేవారు. ఆ చెట్టుకి ఆ బిడ్డ పేరే. "బాబ్జీని దింపారా?" అంటే బాబ్జీ చెట్టు కాయలు దింపారా అని. "లలితకి తెగులొచ్చింది" అంటే డాక్టరు కోసం పరిగెత్తనక్కర్లేదు, వేపపిండి వేస్తే చాలు.

సింహాద్రి అనే పెద్ద రైతు తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకుని లేచాడు. ఆ వైపు బాబుని బావు అంటారు. "బావూ, తీగె గదా. సెట్టు పక్క నుంచి కాసింత ఒంగి ఎల్నేదా?"

"ఒంగదు సింహాద్రీ. వంపు పెడితే లాగుడు పడుతుంది. వంపు వంపుకీ ఇంకో స్తంభం, దానికో లాగుతీగ కావాలి. గవర్నమెంటు శాంక్షను చేసింది తిన్నని గీతకి."

"మరి గీత మీద మా సావులొచ్చి పడ్డాయేటి?" అంది ముసలమ్మ అనే ఆవిడ వెనకనుంచి. ఆవిడకి మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఉన్నవి మూడు చెట్లు. "గవర్నమెంటోలికి గీతలు గీయడానికి సముద్రం అంత సోటుంటే మా పెరళ్ళే దొరికినాయా?"

జనం నవ్వారు. సోమేశ్వరరావు గారు నవ్వలేదు. మేకుల శాస్త్రం ఓపిగ్గా చెప్పారు. ఎక్కడ నిలబడినా సరే, ఒక మేకు దగ్గర నించుంటే రెండో మేకు కనబడాలి. కనబడితే లైను సరిగ్గా ఉన్నట్టు, కనబడకపోతే పోయినట్టు. "అదొక్కటి గుర్తుంచుకోండి. మీరు ఇంకేం తెలుసుకోనక్కర్లేదు."

ఊరివాళ్ళు గుర్తుంచుకున్నారు. ఇంకేమీ తెలుసుకోలేదు. ఆ సంగతి మనకి ముందు ముందు తెలుస్తుంది.

నవంబరులో ఒక మధ్యాహ్నం సూర్యం అన్నానికి వెళ్ళిన వేళ, సోమేశ్వరరావు గారు ఒక్కరూ మేకులు చూసుకుంటూ వచ్చి నలభై ఆరో మేకు దగ్గర ఆగిపోయారు. అది శేషగిరి తోట. మేకు సరిగ్గా బావి నుంచి మూడో చెట్టు మొదట్లో ఉంది. బావి నుంచి మూడోది గౌరి చెట్టు.

గౌరి ఆయన కూతురు. ఆ ఇంట్లోనే పుట్టింది. మూడో ఏడు రాకుండానే జ్వరమొచ్చి పోయింది. తరవాత ఇంక పిల్లలు కలగలేదు. ఆ మొక్క నాటిన రోజున గొయ్యి తవ్వింది ఆయనే, నీళ్ళు పోసింది సావిత్రి గారు. బావి నుంచి వరసలో మూడోది పడేలా గొలుసు పెట్టి మరీ కొలిచారు. నడుమెత్తు మొక్కగా చూసిందే ఆఖరు. కాంపుల మీద కాంపులు తిరుగుతూ ఆయన అత్తవారింటికి పండక్కి వచ్చినా పెరట్లోకి వెళ్ళేవారు కాదు. ఇప్పుడది తలెత్తి చూస్తే టోపీ పడిపోయేంత చెట్టు.

ఆయన టోపీ తీసి, చుట్టూ చూశారు. ఎవరూ లేరు. మేకుని అటూ ఇటూ కదిపి పెరికారు. ఐదు మూరలు తూర్పుకి జరిపి, గట్టు అవతల పాతారు. చేతులు దులుపుకుని చూస్తే గట్టు అవతలిది ముసలమ్మ పెరడు. ఆవిడ మూడు చెట్లలో రెండు ఇప్పుడు గీత కింద పడుతున్నాయి.

ఐదు మూరలు. రెండున్నర మైళ్ళలో ఐదు మూరలంటే వంపు కింద లెక్కే కాదని ఆయన తనకి తాను చెప్పుకున్నారు. జేబులోంచి ఫీల్డు పుస్తకం తీసి, "నం. 46: ఇసక మెత్తన, స్తంభానికి పనికిరాదు, స్వల్పంగా జరపడమైనది" అని రాసుకున్నారు. రాత మాత్రం చక్కగా, తిన్నగా వచ్చింది.

ఆ తరవాత మూడు నెలలు ఆయన జీలపుట్టుగ వెళ్ళలేదు. స్తంభాల కోసం పలాస స్టేషను చుట్టూ, తీగ కోసం శ్రీకాకుళం చుట్టూ తిరిగారు. ఫిబ్రవరిలో స్తంభాలు కవిటి చేరాయి. గోతులు తవ్వే ముందు పై ఆఫీసరు ఒకసారి లైను నడిచి చూసి సంతకం పెట్టాలి. ఆ ఆఫీసరు నారాయణరావు. ఒకప్పుడు సోమేశ్వరరావు గారి దగ్గరే పని నేర్చుకుని, పరీక్షలు రాసి ఆయన్ని దాటిపోయినవాడు. మంచివాడు. ఇప్పటికీ జీపులో ముందు సీటు ఆయనకే ఇచ్చి తను వెనక కూర్చున్నాడు.

పొద్దున్న ఎనిమిదింటికి కవిటి దగ్గర మొదటి మేకు నుంచి నడక మొదలుపెట్టారు. ఊరిజనం పాతికమంది వెనక వచ్చారు.

"ప్లాను చూడాలా అండీ?" అన్నాడు నారాయణరావు.

"అక్కర్లేదు. మేకు చూసి మేకు దగ్గరికి నడవడమే. గుడ్డివాడైనా ఊరు చేరతాడు" అన్నారు సోమేశ్వరరావు గారు. ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండునని ఆయన తరవాత చాలాసార్లు అనుకున్నారు.

నలభై దాకా అన్నీ బాగానే ఉన్నాయి. నలభై ఆరో మేకు దగ్గర ఆయన కొంచెం వేగంగా నడిచారు. నారాయణరావు ఆగి, "ఇక్కడ కాస్త జరిగినట్టుందండీ" అన్నాడు. "ఇసక మెత్తన" అన్నారు ఆయన వెనక్కి తిరక్కుండా. మేకు ముసలమ్మ పెరట్లో లేదు. దానికి అవతల దొంకదారి పక్కన ఉంది. అది ఆయన పాతిన చోటు కాదు. పోనీ, ఐదు మూరలు అనుకున్నది పదిహేను మూరలేమో, వయసు మీద పడుతోంది అనుకున్నారు.

ఒక మేకు దగ్గర నించుంటే రెండోది కనబడుతూనే ఉంది. అదొక్కటే ఆయనకి ధైర్యం. తోటలు దట్టం, మూడోది ఎక్కడుందో తెలియదు. జీడిమామిడి కొమ్మలు వంగి దాటారు. మొగలిపొదల పక్కనుంచి వెళ్ళారు.

"ఇందాక ఎండ ఎడమ చెంప మీద కొట్టింది. ఇప్పుడు కళ్ళల్లో పడుతోందేమిటండీ?" అన్నాడు నారాయణరావు.

"పొద్దెక్కుతోంది కదా" అన్నారు సోమేశ్వరరావు గారు.

అరవై దాటాక కాళ్ళ కింద మట్టి పోయి ఇసకొచ్చింది. గాలిలో ఉప్పొచ్చింది. హోరు ఇంకా ఇంకా దగ్గరైంది. అరవై ఎనిమిది. అరవై తొమ్మిది. అరవై తొమ్మిదో మేకు ఇసకదిబ్బ మీద ఉంది. దాని పక్కన నిలబడి చూస్తే డెబ్భయ్యోది కనబడుతోంది, నియమం ప్రకారం. ఎర్రటి తలతో, అలలు వచ్చి తాకిపోయే చోట. ఎవరో జాలరి దానికి తన తెప్ప తాడు కట్టుకున్నాడు.

ఎదురుగా సముద్రం. ఊరు అరమైలు పడమట ఉండిపోయింది.

నారాయణరావు నల్లకళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "చేపలకి కూడా సర్వీసు ఇస్తున్నామా అండీ?" అన్నాడు మెల్లగా. అతనికి నవ్వు రాలేదు. గురువుని చూసి నవ్వే మనిషి కాదు.

తెప్ప దగ్గరున్న జాలరి భయపడి, "గట్టిగా ఉందని కట్టుకున్నాను బావూ. తవరిదని తెలీదు" అంటూ తాడు విప్పడం మొదలుపెట్టాడు.

వెనకొచ్చిన జనం దిబ్బ ఎక్కి నిలబడ్డారు. ఎవరి మొహంలోనూ తప్పు చేసిన జాడ లేదు. ఇంతదూరం చక్కగా పాతుకొచ్చామన్న తృప్తి కొంత కనిపించింది కూడా.

"ఈ మేకులు ఎవరు మార్చారు?" అన్నాడు నారాయణరావు.

రామూర్తి ముందుకొచ్చాడు. "గాలండీ. మొన్న పెద్ద గాలి ఏసింది."

"గాలి పెరుకుతుంది. మళ్ళీ పాతుతుందా ప్రెసిడెంటు గారూ?"

రామూర్తి సముద్రం వైపు చూడటం మొదలుపెట్టాడు. అతని తోటలోంచి జరిగిన మేకులే ఆరు. సింహాద్రి ముందుకొచ్చి తుండుగుడ్డ చేతిలోకి తీసుకున్నాడు.

"గాలి గాదు బావూ, మేవే. ముందర ముసలమ్మ పెరట్లోది తీసి దొంకలో ఏసినాం. అప్పుడేటైందంటే, దాని దగ్గర నిలబడితే తరవాత మేకు కనబడ్నేదు. కనబడకపోతే లైను పోయినట్టే అని బావు సెప్పినాడు గదా. అందుకని దాన్నీ జరిపినాం. అది నా తోటలో పడింది. నా తోటలో లలిత సెట్టుంది. నానింకాస్త జరిపినాను. అలగ ఒకలి తరవాత ఒకలం. ఎవలి సెట్టూ లేని సోటు ఇసకే. ఇసక మీద నుంచి తిప్పి ఊళ్ళోకి తెద్దారనుకున్నాం. ఈ లోపల మేకులైపోనాయి."

"మేకులైపోయాయా?"

"డెబ్బయ్యే ఇచ్చినారు గదా బావూ. ఇంకో పాతికిత్తే ఊళ్ళోకి తెచ్చీవోలం."

నారాయణరావు పక్కనున్న మేకుని బూటుకాలితో తట్టి చూశాడు. అప్పుడు కొంచెం కఠినంగా, "సర్కారు పాతిన మేకు ముట్టుకోవచ్చని మీకెవరు చెప్పారు?" అన్నాడు.

సింహాద్రి ఆశ్చర్యపోయాడు. తప్పు తన మీదకి రావడం చూసి కాదు. ఆఫీసరుకి ఇంత చిన్న సంగతి తెలియనందుకు. "ముట్టుకోకూడదనే అనుకున్నాం బావూ. మరి ఇంజనీరు బావే నలభై ఆరోది పెరికి పాతినాడు. ముసలమ్మ మొగలికంచె ఎనకనుంచి సూసింది. సదువుకున్న బావు సేసినాడంటే అది పద్ధతే గదా అని మేవూ సేసినాం."

"అవును బావూ" అంది ముసలమ్మ. ఆవిడ గొంతులో ఫిర్యాదు లేదు. ఆయన తరఫున సాక్ష్యం చెబుతోంది. "సేత్తో పట్టుకుని, ఎంత నిదానంగా పాతినాడో. నాను సూసినాను."

నారాయణరావు సోమేశ్వరరావు గారి చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. అలల హోరులో ఇంకెవరికీ వినపడదు.

"వీళ్ళు మేకులు పీకి, మీ మీద పెడుతున్నారని రాస్తాను. మీరు ఊ అంటే చాలండీ. మీ పాత గీతే ప్లానులో ఉంది. పోలీసుని పెట్టి రేపే మేకులు మళ్ళీ పాతిద్దాం. చెట్లు కొట్టించేద్దాం. మార్చి నెలాఖరు దాటకుండా స్తంభాలు లేస్తాయి."

ఒక్క ఊ. జీలపుట్టుగలో బల్బు, పాతికేళ్ళ మాట, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగానికి చివరి వెలుగు, అన్నీ ఆ ఒక్క అక్షరం అవతల ఉన్నాయి. సోమేశ్వరరావు గారు దిబ్బ వైపు చూశారు. ముసలమ్మ ఆయన వైపే చూస్తోంది, చదువుకున్న బావు ఏదో సర్దేస్తాడన్న నమ్మకంతో.

"వాళ్ళు చెప్పింది నిజం. మొదటిది నేనే జరిపాను" అన్నారు.

"ఇసక మెత్తనని కదండీ?"

"కాదు. అక్కడ మా అమ్మాయి చెట్టుంది."

నారాయణరావు అలల వైపు తిరిగాడు. డెబ్భయ్యో మేకుకి ఇంకా తాడు చుట్టి ఉంది. "నవంబర్లో ఒక్క ముక్క నా చెవిలో వేసి ఉంటే బాగుండేదండీ. వంపుకి వేరే ఎస్టిమేటు వేసేవాళ్ళం. ఊరంతటికీ కలిపి నాలుగు వంపులు పెట్టినా శాంక్షను వచ్చేది. అప్పటికి టైముంది."

"వంపు ఒప్పుకునేవాడివా?"

"మీరు అడిగితే ఎందుకు ఒప్పుకోనండీ? మీరు ఎవరినీ ఏదీ అడగరు కదా" అన్నాడు నారాయణరావు. నిష్ఠూరం లేకుండానే అన్నాడు. అందుకే అది ఎక్కువ తగిలింది.

మార్గం లోపభూయిష్టం, పని నిలుపుదల అని అక్కడే ఇసకలో నిలబడి రాశాడు. ఎవరు ఏ మేకు జరిపారో రాయలేదు. ఆ మాత్రం గురుదక్షిణ ఇచ్చాడు.

సోమేశ్వరరావు గారు సాయంత్రానికి టెక్కలి చేరి, చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మంలో కూర్చుని సావిత్రి గారికి జరిగిందంతా చెప్పారు. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. ఏరడం ఆపలేదు.

"బావి నుంచి మూడోదా?" అన్నారు చివరికి.

"మూడోదే. నేనే కొలిచి నాటించాను కదా."

ఆవిడ చేట పక్కన పెట్టారు. "గౌరి చెట్టు అది కాదండీ. మీరు అనంతపురంలో ఉన్న ఏడు గాలివానకి పడిపోయింది. మొదలుతో సహా తీసేశారు. ఇప్పుడు మూడోదిగా లెక్కకొచ్చేది అప్పటి నాలుగోది. శేషగిరి వాళ్ళ బాబ్జీది."

"నాకు చెప్పలేదే."

"మీరు పెరట్లోకి వస్తే కదా చెప్పడానికి" అన్నారావిడ. మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకున్నారు. కాసేపటికి, ఆయన్ని చూడకుండానే, "ఉన్నా కూడా నేను కొట్టెయ్యమనేదాన్ని. మా అమ్మ చీకట్లో కళ్ళు కనపడక గుమ్మంలో పడి, తుంటి విరిగి, ఆ మంచంలోనే పోయిందండీ. ఆ ఇంట్లో దీపం చూడాలని నాకుండేది" అన్నారు.

ఆయన దగ్గర దానికి అభిప్రాయం లేదు. ఒక విషయం మీద ఆయనకి అభిప్రాయం లేకపోవడం చాలా ఏళ్ళలో అదే మొదటిసారి.

మార్చి ముప్ఫై ఒకటిన ఆఫీసులో పూలదండ వేశారు. కవిటిలో దింపిన స్తంభాలు లారీలెక్కి నందిగాం వైపు వెళ్ళిపోయాయి. అరుగు మీద మేష్టర్లు వచ్చేవారు గానీ, వార్తలయ్యాక ఆయన రేడియో కట్టేసి లోపలికి వెళ్ళిపోయేవారు. వాళ్ళు కాసేపు ఒకరినొకరు చూసుకుని లేచిపోయేవారు.

మే నెలలో ముసలమ్మ బస్సు దిగి, దారి అడుక్కుంటూ ఇంటికొచ్చింది. నెత్తి మీద గోనెసంచిలో పన్నెండు కొబ్బరికాయలు.

"మీ బావు వల్ల ఊళ్ళో ఒక్క సెట్టు పోనేదమ్మా" అంది సావిత్రి గారితో, చెమట తుడుచుకుంటూ. "ఊరోళ్ళు అందరూ కలిసి పంపినారు. సెట్టు మిగిలిన ఇంటికో కాయ. ఆ ఆఫీసరుకెదురు బావు ఎలగ నిలబడ్డాడో. కళ్ళారా సూసినాను గదా."

సోమేశ్వరరావు గారు కుర్చీలోంచి లేవబోయి కూర్చుండిపోయారు. సిగ్గుతో లేవలేకపోయారని ముసలమ్మకి తెలియదు. నడుం నొప్పేమో అనుకుని ఆవనూనె రాయమని సలహా ఇచ్చింది.

మజ్జిగ తాగి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "మరి బావూ, కర్రెంటెప్పుడొత్తాది?"

వెళ్ళిపోయిన స్తంభాల సంగతి ఆవిడకి తెలియదు. ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది ఆయనే. ఆయన నోరు తెరిచారు. ఎండలో వచ్చిన మనిషి, ఖాళీ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని, జవాబు ఊరికి మోసుకుపోవడానికి సిద్ధంగా నించుని ఉంది.

"వచ్చే ఏడు" అన్నారాయన.

"అదే సెప్తాను మావోళ్ళకి" అని సంతోషంగా వెళ్ళింది.

వచ్చే ఏడు వచ్చింది. అంతకు మించి ఏదీ రాలేదు. కొండల్లో గొడవలు ఉద్దానం దాకా దిగి, పోలీసు లారీలు తిరుగుతున్న రోజులు. సాయంత్రం ఆరు దాటితే జీలపుట్టుగలో తలుపులు వేసుకుంటున్నారని వినికిడి. అటువంటి రోజుల్లో శేషగిరి టెక్కలి వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"ఏమిటి శేషగిరీ, ఇలా వచ్చావు?" అన్నారు సోమేశ్వరరావు గారు.

"అర్జీ బావా. రామూర్తి రాయించాడు. కరెంటు మళ్ళీ మంజూరు చెయ్యమని. ఊళ్ళో సగం మంది సంతకాలుంటేగాని పై ఆఫీసులో తీసుకోరుట."

సోమేశ్వరరావు గారు కాగితం విప్పారు. కింద ఖాళీ జాగా చాలా ఉంది. సంతకాలు రెండు. ఒకటి రామూర్తిది, ఒకటి శేషగిరిది.

"మిగతావాళ్ళేరీ?"

శేషగిరి కొంచెంసేపు నసిగాడు. "ఎందుకు పెట్టాలంటున్నారు బావా. ఇంజనీరు బావు వస్తాదని చెప్పేశాడు కదా, మళ్ళీ అర్జీ ఏటి, ఆయన్ని అనుమానించినట్టుంటాది అంటున్నారు. ముసలమ్మ అయితే నా మీద కేకలేసింది."

"నేను అబద్ధం చెప్పానని చెప్పు. రాదని చెప్పు."

"చెప్పాను."

"నా పేరు పెట్టి చెప్పావా?"

"నీ పేరు పెట్టే చెప్పాను బావా. నమ్మలేదు. సింహాద్రి ఏమన్నాడంటే, ఆ బావు ఆఫీసరు ముందరే అబద్ధమాడ్నేదు, మాతో ఎందుకాడతాడు, నువ్వే ఏదో ఆడుతున్నావు కరణం అన్నాడు."

సావిత్రి గారు లోపల్నుంచి కాఫీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చారు. శేషగిరి తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ కాగితం తీసుకుని మడతల మీదే జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వొకసారి వచ్చి చెబితే నమ్ముతారేమో" అన్నాడు.

"నేనొచ్చి నిలబడితే, కరెంటు పనికే వచ్చాననుకుంటారు" అన్నారు సోమేశ్వరరావు గారు.

పొద్దు వాలకముందే ఊరు చేరాలని శేషగిరి బస్సుకి లేచాడు.